కొత్త టెరిటరీ, పక్కన సొంత పని: మొదటి 90 రోజుల లెక్క

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్ళు కాస్త ముందుకు రండి, బోర్డు మీద అంకెలు చాలా రాయాల్సి ఉంది. అక్కణ్ణుంచి కనిపించవు.

ఈ పూట మాట్లాడబోయేది ఒక ఇరకాటం గురించి. సేల్స్‌లో ఉన్నారు. బదిలీ వల్లో, కంపెనీ ఏరియాలు తిరగరాయడం వల్లో కొత్త టెరిటరీ చేతికొచ్చింది. పక్కన చిన్న సొంత పని కూడా ఒకటి నడుస్తోంది. ఆన్‌లైన్‌లో ఏదో తయారుచేసి అమ్మడం కావచ్చు, చిన్న వ్యాపారాలకు లెక్కలు రాసిపెట్టడం కావచ్చు, పాఠాలు చెప్పడం కావచ్చు. పాత ఏరియాలో రెండూ బాగానే సాగాయి. కొత్తచోట మూడో వారానికల్లా రెండూ కుంటుతున్నాయి. ఎందుకని?

టైము చాలక అని అందరూ అంటారు. టైము అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. అసలు తేడా ఖాళీల్లో ఉంది. పాత ఏరియాలో కాల్‌కీ కాల్‌కీ మధ్య (కాల్ అంటే ఫోను కాదు, కస్టమరు దగ్గరికి వెళ్ళే విజిట్) ఎక్కడ అరగంట దొరుకుతుందో మీకు తెలుసు. ఏ డిస్ట్రిబ్యూటరు ఎన్నింటికి గోడౌన్ తీస్తాడో, ఏ షాపతను మధ్యాహ్నం కునుకు తీస్తాడో తెలుసు. ఆ సందుల్లో మీ సొంత పని ఫోన్లు, మెసేజీలు సర్దేసేవాళ్ళు. కొత్తచోట ఆ సందులు కనపడవు. ఖాళీ అనుకున్న అరగంటలో కొనుగోలు మేనేజరు పిలుస్తాడు. పని ఉందనుకున్న గంటంతా బయట బెంచీ మీద గడుస్తుంది. కాబట్టి మొదటి 90 రోజులూ సొంత పనిని సందుల్లో కుక్కడం పూర్తిగా మానెయ్యాలి. దానికంటూ వారంలో రెండు నిర్ణీత పూటలు పెట్టి, మిగతా టైములో దాని మొహం చూడకూడదు. దీన్ని లెక్కలతో చూద్దాం.

ముందు టెరిటరీ సంగతి. అప్పగింత రోజున పాత ప్రతినిధి ఇచ్చే కాగితాల్లో కస్టమర్ల జాబితా, అమ్మకాల చరిత్ర, బాకీల పట్టీ ఉంటాయి. ఇవి కంపెనీ కంప్యూటర్లోనూ ఉంటాయి, వీటి కోసం తొందరపడక్కర్లేదు. కంప్యూటర్లో ఉండనిది ఒకటుంది: నోటిమాటలు. "ఈ నెల 50 పెట్టెలు ఎత్తితే 2 పెట్టెలు ఉచితంగా ఇప్పిస్తా", "డ్యామేజీ సరుకు నేను తీసుకెళ్తాలే", "బిల్లు 30 రోజులని ఉన్నా 45కి కట్టండి, నేను చూసుకుంటా". ఇవన్నీ మనిషి మారగానే మీ మెడకు చుట్టుకుంటాయి. పాత ప్రతినిధిని కూర్చోబెట్టి పెద్ద కస్టమర్లలో ఒక్కొక్కరి పేరూ చదువుతూ మూడు ప్రశ్నలు అడగండి: ఇతనికి ఏం మాటిచ్చారు? ఇతని క్లెయిముల్లో, అంటే కంపెనీ నుంచి రావాలని అడిగినవాటిలో, ఏది ఆగి ఉంది? ఇతను దేనికి అలిగి ఉన్నాడు? 20 పేర్లకు రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటల్లో తెలిసేది రెండు నెలలు తిరిగినా తెలియదు.

తర్వాత మొదటి విజిట్‌లోనే బాకీ నిర్ధారణ. మన పుస్తకంలో 75,000 బాకీ అని ఉంటుంది. కస్టమరు పుస్తకంలో 68,000 ఉంటుంది. తేడా 7,000. విప్పి చూస్తే 4,000 స్కీము కింద రావాల్సిందని అతని వాదన, 3,000 వెనక్కిచ్చిన డ్యామేజీ సరుకుకు క్రెడిట్ నోట్ (బాకీలో తగ్గించినట్టు కంపెనీ ఇచ్చే కాగితం) రాలేదని. ఆ రోజే ఒక కాగితం మీద రెండు అంకెలూ, తేడాకి కారణాలూ రాసి ఇద్దరూ సంతకం పెట్టి, ఒక కాపీ మేనేజరుకు పంపించండి. మొదటి నెలలో పంపితే అది పాత లెక్క. నాలుగో నెలలో పంపితే మీ లెక్క. అంకె అదే అయినా సంజాయిషీ చెప్పుకోవాల్సిన మనిషి మారిపోతాడు.

ఇప్పుడు అందరినీ ముంచేది: స్టాకు. టార్గెట్ లెక్కగట్టే కాలం, అంటే పీరియడ్, ముగిసేటప్పుడు టార్గెట్ కోసం డిస్ట్రిబ్యూటరు నెత్తిన సరుకు రుద్దడం, మన భాషలో డంపింగ్. పోతూ పోతూ పాత ప్రతినిధి ఇలా డంప్ చేసి ఉంటే, మీ మొదటి రెండు నెలలూ మీరు అడుగు పెట్టకముందే అమ్ముడైపోయినట్టు. దీన్ని ఎలా పట్టుకోవాలో బోర్డు మీద చూపిస్తాను.

డిస్ట్రిబ్యూటరు మాట, పాత ప్రతినిధి మాట రెండూ పక్కన పెట్టండి. మూడు అంకెలు చాలు. మూడు నెలల కిందట అతని దగ్గరున్న స్టాకు: 620 పెట్టెలు. ఈ మూడు నెలల్లో మన దగ్గర కొన్నది: 400, 400, 830, మొత్తం 1,630. ఇవాళ గోడౌన్లో మీరు స్వయంగా లెక్కపెట్టింది: 900. ముందున్నదానికి కొన్నది కలిపి, ఇప్పుడున్నది తీసేస్తే 1,350. అంటే అతను బయటికి అమ్మింది నెలకు 450, రోజుకు 15. ఇక 900ని 15తో భాగించండి: 60 రోజుల సరుకు. అతని దగ్గర ఉండాల్సింది 21 రోజుల సరుకు అనుకుందాం. 21ని 15తో గుణిస్తే 315 పెట్టెలు. అదనంగా ఉన్నది 585. ఇది కరగడానికి 39 రోజులు.

దీన్నిబట్టి మీ గతేంటి? మొదటి నెల ఇతని నుంచి ఆర్డరు సున్నా. రెండో నెల మొదటి 9 రోజులూ సున్నా, ఆ తర్వాత 21 రోజులకు 315 పెట్టెలు. మూడో నెల నుంచి మామూలుగా 450. మీ టార్గెట్ మాత్రం ఆ 830 చూసి వేసి ఉంటారు. ఇది చేరిన 15 రోజుల్లోపు, పెద్ద డిస్ట్రిబ్యూటర్లందరికీ ఇలాగే లెక్కగట్టి, ఒక్క పేజీలో మేనేజరుకు రాతపూర్వకంగా చేరాలి. ఫిర్యాదు ధోరణి వద్దు, పాత మనిషి పేరు ఎత్తొద్దు. "ఇంత స్టాకు, ఇన్ని రోజులు, అందువల్ల మొదటి నెల ఇంత, రెండో నెల ఇంత" అని అంకెలే మాట్లాడాలి. టార్గెట్ తగ్గిస్తారని గ్యారంటీ లేదు. కానీ రెండో నెల రివ్యూలో "ఇప్పుడు చెబుతున్నావేంటి" అనే మాట పడదు.

గోడౌన్లో లెక్కపెట్టేటప్పుడు వెనక వరుసల్లోని పెట్టెలు బయటికి తీయించి బ్యాచ్ తేదీలు చూడండి. ముందు కొత్తవి, వెనక పాతవి పేర్చి ఉంటే కొన్ని నెలల్లో ఎక్స్‌పైరీ క్లెయిము ఖాయం. అది కూడా మీ పేరుమీదే పడుతుంది. సగం తెరిచిన పెట్టెలు, ఖాళీ పెట్టెలు లెక్కలో కలిసిపోవడం మామూలే. ఊపి చూడండి. నవ్వకండి, నిజంగానే ఊపి చూడాలి.

సరే, ఇప్పుడు మీ రోజు. రోజుకు ఎన్ని కాల్స్ చెయ్యగలరు? చాలామంది పాత ఏరియా అంకెనే ఇక్కడా చెబుతారు. మొదటి వారమంతా ప్రతి విజిట్‌కీ మూడు టైములు రాయండి: చేరిన టైము, లోపలికి పిలిచిన టైము, బయటికొచ్చిన టైము. వారం చివర సగటు తీయండి. ఉదాహరణకి మాట్లాడింది 22 నిమిషాలు, ఎదురుచూసింది 10, ప్రయాణం 18, వెరసి 50. ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు. 480ని 50తో భాగిస్తే 9.6. పైన ఉన్న దశాంశాన్ని నమ్ముకోకండి, 9 కాల్స్. నెలలో 24 పనిదినాలు, మీటింగులకూ వసూళ్ళ తగాదాలకూ 4 పోతే ఫీల్డ్‌కి మిగిలేది 20. నెలకు 180 కాల్స్. మీ చేతిలో ఉన్న అసలు సరుకు ఇదే.

దీన్ని పంచాలి. టెరిటరీలో 140 మంది కస్టమర్లు అనుకుందాం. అమ్మకాన్ని బట్టి 'ఏ', 'బి', 'సి' అని విడదీస్తాం. కొద్దిమంది దగ్గరే ఎక్కువ అమ్మకం పోగుపడుతుందన్న సంగతికి ఇటలీ ఆర్థికవేత్త విల్ఫ్రెడో పరేటో పేరు పెట్టింది, 80-20 అని పరిశ్రమల్లో ప్రచారం చేసింది జోసెఫ్ జురాన్. మీ టెరిటరీలో అది 80-20 కాకపోవచ్చు, 70-30 కావచ్చు, మీ అంకెలే చూసుకోండి. 'ఏ' వాళ్ళు 20 మంది, వారానికోసారి, నెలకు 80 కాల్స్. బి 40 మంది, నెలకు రెండుసార్లు, మరో 80. సి 80 మంది, నెలకోసారి, ఇంకో 80. మొత్తం 240. మీ దగ్గరున్నది 180. ఇక్కడే తెలివిగా తప్పు చేస్తారు: "ఎలాగోలా తిరుగుతా" అనుకుని 240 కాల్స్ ప్లాను రాసేస్తారు. జరిగేదేంటంటే, వారం చివర మిగిలిపోయే 15 కాల్స్‌లో దూరంగా ఉన్న 'ఏ' కస్టమర్లే ఎక్కువ ఉంటారు. దగ్గరలో ఉన్న సి వాళ్ళకు మాత్రం విజిట్లు పూర్తయిపోతాయి.

కోత సి దగ్గర పడాలి. 80 మందిలో 40 మందిని ఫోను ఆర్డర్లకు మార్చండి. మిగిలిన 40 మందికి రెండు నెలలకోసారి, అంటే నెలకు 20 కాల్స్. 80, 80, 20 కలిపితే 180. సరిగ్గా సరిపోయింది. ఒక చిన్న మెలిక: అమ్మకం తక్కువని సి లోకి తోసేసిన వాళ్ళలో, మన పోటీ కంపెనీ సరుకు బాగా అమ్మేవాళ్ళు ఒకరిద్దరుంటారు. వాళ్ళు 'సి' కాదు, చేతికి రాని 'ఏ'. మొదటి విజిట్‌లో అరల్లో మన సరుకొక్కటే చూసుకుని వచ్చేస్తే వీళ్ళు దొరకరు.

రూటు గురించి ఎక్కువ చెప్పను. మీ ఇంటితో కలిపి 10 చోట్లుంటే, ఇంటి దగ్గర మొదలై అన్నీ తిరిగి ఇల్లు చేరే దారులు, ఏ దిశ నుంచి తిరిగినా ఒకటే అనుకుంటే, 1,81,440. గణితంలో దీని పేరే సేల్స్‌మన్ ప్రయాణ సమస్య, అంటే మన కష్టం వాళ్ళకు పాఠం అయిందన్నమాట. మనకు అత్యుత్తమ దారి అక్కర్లేదు, మంచి దారి చాలు. టెరిటరీని ఇంటిని మధ్యలో పెట్టుకుని పువ్వు రేకుల్లాగా ఐదు ముక్కలు చెయ్యండి, రోజుకో రేకు. పొద్దున నేరుగా ఆ రేకు చివరకు వెళ్ళి, ఇంటివైపు పని చేసుకుంటూ రండి. దగ్గరున్నవాళ్ళను ముందు చూస్తూ వెళ్తే, మధ్యాహ్నం ఏదైనా తగాదా వచ్చిపడినప్పుడు కోతపడేది దూరపువాళ్ళకి. వాళ్ళకోసం మళ్ళీ అంత దూరమూ వెళ్ళాలి. తిరిగొస్తూ చేస్తే కోతపడేది దగ్గరవాళ్ళకి, మర్నాడు దారిలో పలకరించొచ్చు. కొనుగోలు మనిషి పొద్దున 11 లోపే దొరికే 'ఏ' కస్టమరుంటే మాత్రం ఈ సూత్రం పక్కనపెట్టి అతన్ని చూడండి. రేకులకంటే అతని గడియారం ముఖ్యం.

విజిట్ అయ్యాక నోట్సు బండి కదలకముందే రాయండి. హెర్మాన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1885లో తన జ్ఞాపకశక్తి మీదే చేసిన ప్రయోగాలు ప్రచురించాడు. అర్థంలేని అక్షరాల జాబితాలు కంఠతా పట్టి, ఎంతసేపటికి ఎంత చెరిగిందో కొలిచాడు. మొదటి గంటలోనే సగానికి పైగా పోయింది, ఆ తర్వాత పోయేది నెమ్మదిగా పోయింది. కస్టమర్లు చెప్పేది అర్థంలేని అక్షరాలు కాదు, అయితే పేమెంటు తేదీల విషయంలో కొందరు దగ్గరగానే ఉంటారు. నాలుగు ముక్కలు చాలు: ఎవరితో మాట్లాడారు, ఆయన ఏం అడిగాడు, మీరు ఏం ఒప్పుకున్నారు, మళ్ళీ ఎప్పుడు. మూడోది రాయకపోతే మీరే వచ్చే మనిషికి నోటిమాటల కట్ట అప్పగించి పోతారు.

పాత ఏరియావాళ్ళ ఫోన్లు కూడా వస్తూనే ఉంటాయి, మొహమాటంతో అన్నీ ఎత్తుతాం. దీనికి ఒక తేదీ పెట్టండి, 30 రోజులు. ఆలోపు ఆగిన క్లెయిములన్నీ ఒక పట్టీ రాసి మీ తర్వాత వచ్చినవాళ్ళకు పంపించి, వాళ్ళు అందిందని జవాబిచ్చాక, ఫోనొచ్చినప్పుడు ఒకటే మాట: "అన్నా, మీ క్లెయిము కాగితం ఫలానా తేదీన కొత్తాయన చేతికిచ్చాను, నంబరు పంపిస్తున్నా, ఆయనతోనే మాట్లాడండి." "నేను కనుక్కుంటాలే" అన్నారా, ఆ కస్టమరు ఇంకో ఏడాది మీవాడే.

ఇక సొంత పని.

అన్నిటికంటే ముందు నియామకపత్రం తీసి చదవండి. నాలుగు క్లాజులు వెతకాలి: బయటి ఉద్యోగం, వ్యాపారం గురించి ఏముంది, ప్రయోజనాల ఘర్షణ గురించి ఏముంది, కంపెనీ సమాచారం గోప్యత, మీరు తయారుచేసిన వాటిమీద హక్కులు ఎవరివి. చివరిది చాలామంది చూడరు. మీరు రాత్రిపూట సాఫ్ట్‌వేరో, డిజైనో చేస్తుంటే, అది కంపెనీ లాప్‌టాప్ మీద చేసి ఉంటే, వ్యవహారం చిక్కుపడేది అక్కడే. కొన్నిచోట్ల ముందస్తు అనుమతి కావాలని ఉంటుంది, కొన్నిచోట్ల తెలియజేస్తే చాలని, కొన్నిచోట్ల అసలు కుదరదని. అనుమతి అడిగే లేఖ అరపేజీ మించక్కర్లేదు: పని ఏమిటి, వారానికి ఎన్ని గంటలు, అవి పనివేళల్లో లేవు, కంపెనీ కస్టమర్లకు అమ్మను, కంపెనీ బండి, ఫోను, లాప్‌టాప్, జాబితాలు వాడను. జవాబు రాతలో తీసుకోండి. మేనేజరు టీ తాగుతూ "పర్లేదులేవయ్యా" అన్నది అనుమతి కాదు. ఆయనకూ బదిలీ అవుతుంది కదా. ఇంట్లోవాళ్ళ పేరుమీద పెట్టేస్తే గొడవ ఉండదని ఒక నమ్మకం ఉంది. పని మీరే చేస్తున్నప్పుడు పేరు ఎవరిదైనా ఘర్షణ ఘర్షణే. పైగా దాచారన్న మాట కూడా తోడవుతుంది.

తర్వాత, కస్టమర్లు. మీ టెరిటరీ కస్టమరుకు మీ సొంత సరుకు అమ్మడం ఎందుకు కూడదో చూడండి. డిస్ట్రిబ్యూటరు మీ దగ్గర ఓ పది పీసులు కొన్నాడు, మీ మీద అభిమానంతోనే. నెల తర్వాత అతని క్రెడిట్ లిమిట్ దాటింది, బిల్లు ఆగింది. "మనవాళ్ళం కదా, ఈ ఒక్క బిల్లు వదిలెయ్యండి." ఆ "మనవాళ్ళం" అన్న మాటకి మీ దగ్గర జవాబు ఉండదు. అతని దగ్గర చేబదులు తీసుకోవడం దీనికి అన్నయ్య.

ఇప్పుడు గంటల లెక్క. వారానికి 8 గంటలు పెట్టారనుకుందాం, రెండు ముక్కలుగా: సెలవు రోజు పొద్దున 5 గంటలు, వారం మధ్యలో ఒక సాయంత్రం 3 గంటలు. 480 నిమిషాలు. ఇందులో పావువంతు మెసేజీలకు, లెక్కలకు, తిరిగొచ్చిన సరుకుకు పోతుంది. మిగిలేది 360. ఒక ఆర్డరు తయారీ, ప్యాకింగ్, చీటీ అంటించడం కలిపి 50 నిమిషాలు పడితే, 7 ఆర్డర్లు. తీసుకోవాల్సింది 6. ఏడోది తీసుకోవద్దు, ఎందుకంటే ఆరింటిలో ఒకటి చెడి మళ్ళీ చెయ్యాల్సి వచ్చే వారం ఉంటుంది. ఆరు దాటగానే అమ్మకం పేజీలో "వచ్చే వారం" అని పెట్టెయ్యండి. చేరవేత గడువు 3 రోజులని ఉంటే 7 రోజులు చెయ్యండి. కొందరు కొనేవాళ్ళు పోతారు, పోనివ్వండి. 7 రోజులని చెప్పి ఆరో రోజు పంపినదాని కన్నా, 3 రోజులని చెప్పి ఐదో రోజు పంపినదానికే తిట్లు ఎక్కువ.

మొదటి 8 వారాలూ కొత్త వస్తువు వద్దు, కొత్త ప్రకటన వద్దు, కొత్త అమ్మకం వేదిక వద్దు. ఉన్నది ఉన్నట్టు నడిపించడమే.

ఫీల్డ్ మనిషికి ఏ పని నప్పుతుంది, ఏది నప్పదు అన్నదానికి నా కొలబద్ద ఒకటే: దాని గడువు రోజుల్లో ఉందా, గంటల్లో ఉందా? లెక్కలు రాసిపెట్టడం, రాతపని, డిజైన్, పాడవని వస్తువుల తయారీ రోజుల్లో సాగుతాయి, ఒకేచోట పోగేసి చెయ్యొచ్చు. రోజూ సాయంత్రం ఆరింటికి లైవ్ క్లాసు, త్వరగా పాడయ్యే సరుకు, గంటలో జవాబు కోరే మరమ్మతుల పని గంటల్లో సాగుతాయి. కొత్త టెరిటరీలో సాయంత్రం ఆరింటికి మీరు ఎక్కడ ఉంటారో మీకే తెలియదు. క్లాసులు చెప్పేవాళ్ళు ఈ మూడు నెలలకు వాటిని సెలవు రోజుకు మార్చుకోవడం మేలు.

సాయంత్రం స్లాటులో ఏం చెయ్యాలన్నది కూడా ఉంది. రోజంతా తిరిగొచ్చి, ఆర్డర్లు ఎక్కించి, రిపోర్టు పంపేసరికి మరో 40 నిమిషాలు పోతుంది. ఆ తర్వాత మిగిలిన బుర్రతో ధరలు నిర్ణయించకండి, సరుకు కొనుగోలు ఆర్డర్లు పెట్టకండి. చేతిపనులు పెట్టుకోండి: కత్తిరించడం, ప్యాకింగ్, చిరునామాలు. ఆలోచించాల్సినవి సెలవు రోజు పొద్దున మొదటి గంటలో. బండి నడుపుతూ సొంత పని ఫోన్లు ఎత్తడం అసలు వద్దు. చేతులు ఖాళీగా ఉంటే సరిపోదు, చెవిలో బేరం నడుస్తుంటే కళ్ళు రోడ్డుమీదున్నా బుర్ర బేరం మీదే ఉంటుంది. ఆ పనికి వేరే నంబరు పెట్టుకుని, పగలంతా ఆ సిమ్ ఆపెయ్యండి.

డబ్బు దగ్గర రెండు మాటలు. మొదటిది, కొత్త టెరిటరీలో ఇన్సెంటివ్, అంటే టార్గెట్ అందుకుంటే వచ్చే అదనపు డబ్బు, పడిపోతుంది. స్టాకు లెక్క చూశారు కదా, మొదటి రెండు నెలలూ టార్గెట్ అందకపోవడానికే ఎక్కువ అవకాశం. ఇన్సెంటివ్ చేతికొచ్చేది ఆ పై నెలల్లో. అంటే ఆ లోటు మీకు మూడో, నాలుగో నెలలో తెలుస్తుంది. ఇన్సెంటివ్ వస్తుందని సొంత పనికి ముడిసరుకు అరువు తెచ్చిపెట్టారా, రెండు గుంటల్లో ఒకేసారి పడతారు. సొంత పని సరుకు దాని డబ్బుతోనే కొనాలి, దాని ఖాతా వేరే ఉండాలి.

రెండోది, ఆ పనిలో నిజంగా మిగిలేది ఎంత. అమ్మిన ధరని 100 పాళ్ళు అనుకోండి. ముడిసరుకు 42, ప్యాకింగ్, రవాణా 18, చెల్లింపు రుసుము 3, వాపసులకు 5. మిగిలేది 32. దీన్ని 50 నిమిషాలతో కాదు, మెసేజీల వాటా కూడా కలిపి భాగించాలి. 480 నిమిషాలకు 6 ఆర్డర్లు, అంటే ఆర్డరుకు 80 నిమిషాలు. 80 నిమిషాలకు 32 పాళ్ళు, గంటకు 24. ఈ అంకెను కాగితం మీద రాసి, ఒక 'ఏ' కస్టమరు విజిట్ తప్పిపోతే పోయే ఇన్సెంటివ్ పక్కన పెట్టి చూడండి. కొందరికి సొంత పనే నెగ్గుతుంది, కొందరికి అది ఖరీదైన సరదా అని తేలుతుంది. సరదా అయితే సరదాగానే ఉంచుకోండి, తప్పులేదు. దాన్ని వ్యాపారం అనుకుని నిద్ర మానుకోవడమే తప్పు.

నెల చివరి వారం క్లోజింగ్, అంటే ఆ నెల అమ్మకం లెక్క ముగించే వారం. ఆ వారం సొంత పనికి సెలవు. ఆరు ఆర్డర్లు కాదు, సున్నా. నెల మొదటి వారంలో ఫీల్డ్ కాస్త తెరిపిగా ఉంటుంది, అప్పుడు తొమ్మిది తీసుకున్నా పర్లేదు, ఒక పూట అదనంగా దొరికితేనే. పీరియడ్ ముగిసే నెలలో అది కూడా వద్దు.

ఎనిమిది వారాలయ్యాక మూడు అంకెలు చూడండి. ప్లాను వేసిన కాల్స్‌లో ఎన్ని చేశారు, చేసిన కాల్స్‌లో ఎన్నింటికి ఆర్డరు వచ్చింది, సొంత పని ఆర్డర్లలో ఎన్ని గడువులోపు చేరాయి. మొదటిది నాలుగు వారాల్లో మూడు వారాలు 85 శాతం కంటే కింద ఉంటే, సొంత పని గంటలు సగానికి తగ్గించండి. ఈ 85 నా అనుభవపు అంకె, శిలాశాసనం కాదు. రెండోది తక్కువుంటే సొంత పనిని నిందించకండి, అది మీ కాల్‌లో లోపం. ఎక్కువసార్లు స్టాకు చూడకుండా ఆర్డరు అడగడం వల్ల వచ్చేది.

ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర మేడమ్ చెయ్యెత్తారు.

ప్రశ్న: సార్, మా కంపెనీ ఫోనులో లొకేషన్ చూపించే యాప్ ఉంది. మధ్యాహ్నం భోజన విరామంలో పార్సిల్ ఆఫీసుకు వెళ్ళినా తప్పేనా?

విరామం మీదే, తప్పని అనను. కానీ యాప్‌కి విరామం తెలియదమ్మా. రూటుకు రెండు కిలోమీటర్లు పక్కన, వారానికి మూడుసార్లు, అదే చోట 20 నిమిషాలు ఆగినట్టు చూపిస్తుంది. అడిగినప్పుడు మీరు నిజం చెప్పినా అది సంజాయిషీలాగే వినిపిస్తుంది. ఇంటికొచ్చి పార్సిల్ తీసుకెళ్ళే సేవ ఉంటే ఆరు ఆర్డర్లూ ఒకేరోజు తీసుకెళ్ళేలా పెట్టుకోండి. లేదంటే వారానికి ఒక్కసారే, పని ముగిశాక. గడువు 7 రోజులు పెట్టమన్నది అందుకే, వారానికి ఒక్క పంపకం సరిపోతుంది.

ప్రశ్న: పాత ప్రతినిధి ఇచ్చిన నోటిమాట నేను నిలబెట్టాలా సార్? కస్టమరు పెద్దవాడు, వదులుకోలేను.

మీరు నిలబెట్టలేరు, కొట్టిపారెయ్యనూ లేరు. ఆయన ముందే కాగితం తీసి రాయండి: ఏ నెల, ఏ స్కీము, ఎన్ని పెట్టెలు, ఎవరు చెప్పారు. ఆయన దగ్గర మెసేజీ ఏదైనా ఉంటే దాని ఫోటో. "ఇది పైకి పంపిస్తున్నా, ఫలానా తేదీకి అవునో కాదో చెబుతా" అనండి. ఇస్తారని మాత్రం అనకండి. ఆ తేదీకి జవాబు రాకపోతే, రాలేదని చెప్పడానికైనా వెళ్ళండి, ఫోన్లో వద్దు. పంపేటప్పుడు ఆ కస్టమరు ఏడాది కొనుగోలు ఎంత, అడిగేది ఎంత అన్న రెండు అంకెలూ పైనే రాయండి. మేనేజరు ముందు చదివేది అవే.